మెచ్చుకుంటే పండబారే గడ్డి

ప్రొద్దుటూరు ఎండ ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెబుతాను. వైశాఖ మాసంలో మా కోళ్ళు గుడ్డు పెడితే అది ఉడికే వచ్చేది. పెంకు తీసి, మిరియాల పొడి చల్లుకుని తినడమే. నమ్మకపోతే మీ ఇష్టం, తిన్నవాణ్ణి నేను.

అట్లాంటి ఊళ్ళో, పంతొమ్మిది వందల యాభై ఏడులో, మా ఎదురింటి పద్మనాభయ్య గారు ఇంటిముందు లాన్ వేశారు. ఆయన తాలూకా కచేరీలో హెడ్ క్లర్కు. అప్పటిదాకా మా వీధిలో గడ్డి అంటే ఎనుము తినేదైనా కావాలి, వినాయకుడి పూజకు కోసేదైనా కావాలి. ఊరికే కూర్చుని చూసుకోవడానికి గడ్డి పెంచిన మనిషిని మేం చూడలేదు. మొదటి నెలలో వీధిలోని ఎనుములన్నీ ఆయన గేటు ముందు బారులు తీరి నిలబడేవి. ఒక ఎనుము అయితే గేటు గడియ తీయడం కూడా నేర్చుకుంది. దాన్ని నేనే పట్టుకున్నాను.

ఆయన సంగతి చెప్పడానికి నాకన్నా అర్హత ఉన్నవాడు లేడు. నేను ఫోర్త్ ఫారం మూడేళ్ళు చదివాను. ఒక్క ఏడాదిలో దాటిపోయినవాళ్ళకు అందులో ఏముందో ఏం తెలుస్తుంది? నాలుగో ఏడు హెడ్మాస్టరు గారే మా నాయన్ను పిలిపించి, "మీవాడికి మేం చెప్పగలిగిందంతా చెప్పేసినాం" అన్నారు. అప్పటినుంచి శనక్కాయ చేలల్లో తిరిగాను. కాబట్టి గడ్డీ మన్నూ నాకు తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదని ఎప్పుడూ చెప్పేవాణ్ణి. ఎవరూ కాదనలేదు. విననూ లేదు, అది వేరే సంగతి.

పద్మనాభయ్య గారికి గడ్డిమీద ఆ మోజు ఎందుకో తెలియాలంటే జమ్మలమడుగు పోవాలి. అక్కడ తెల్లదొర బంగళాలో ఆయన ఇరవై రెండేళ్ళు క్యాంపు గుమాస్తా. పొద్దున్నే దొర లాన్ అవతలి అంచున పేము కుర్చీ వేసుకుని టీ తాగేవాడు. గుమాస్తాలు చంకలో ఫైళ్ళు పెట్టుకుని లాన్ చుట్టూ ఉన్న కంకర బాటమీద నిలబడాలి. పిలుపు వచ్చేదాకా గంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు. గడ్డిమీద కాలు పెట్టకూడదు. దొర ఫైలు అడిగితే బంట్రోతు షరీఫ్ దాన్ని తీసుకుని, కంకరమీదే చుట్టంతా తిరిగి, కుర్చీ పక్కనున్న బండమీద నిలబడి చెయ్యి చాపి అందించాలి.

ఒకసారి గాలికి ఒక కాగితం ఎగిరి గడ్డిలో పడింది. పద్మనాభయ్య గారు ఆత్రంగా రెండడుగులు వేసి దాన్ని తీసుకున్నారు. దొర తలెత్తి ఆయన పాదాల వంక చూశాడు, అంతే. ఈయన వెనక్కి తిరగను కూడా తిరగకుండా, వేసిన అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ కంకరమీదికి వచ్చేశారు. ఆ సంగతి ఆయన నాకు చెప్పింది ఒక్కసారే. చెప్పినంతసేపూ తన పాదాలే చూసుకుంటూ చెప్పారు.

తర్వాత దొరలు పోయారు, మనవాళ్ళు వచ్చారు. కుర్చీలో మనిషి మారాడు కానీ కంకర మారలేదు. పద్మనాభయ్య గారికీ షరీఫుకూ ప్రొద్దుటూరు బదిలీ అయ్యింది. ఆ బంగళా లాన్‌ను తవ్వేసి గోదాము కడతారని యాభై ఏడులో కబురు తెలియగానే ఇద్దరూ ఒక ఆదివారం గోనెసంచీ, పలుగూ తీసుకుని బస్సెక్కారు.

"ఇప్పుడన్నా కాలు పెట్టొచ్చా సార్?" అని షరీఫ్ అడిగాడట.

"నువ్వు పెట్టు ముందు."

"అమ్మో, మీరే పెట్టండి."

చుట్టూ ఒక్క పిట్ట లేదు. అడిగేవాడు అంతకన్నా లేడు. అయినా ఇద్దరూ కంకరమీదే గొంతుక్కూర్చుని, చెయ్యి అందినంత మేర తవ్వుకుని, సంచీడు గడ్డి వేళ్ళు తెచ్చుకున్నారు. ఎదురింటి లాన్ ఆ సంచీలోంచి వచ్చిందే.

పద్మనాభయ్య గారి సర్వీసు యాభై తొమ్మిది ఆగస్టు నెలాఖరుతో అయిపోతుంది. ఆ సాయంకాలం తన లాన్ మీద కచేరీ మొత్తానికి టీ పార్టీ ఇవ్వాలని ఆయన పట్టుదల. తాసీల్దారు మొదలు ఊడ్చే మనిషి వరకు అందరికీ కుర్చీలు గడ్డిమీదే.

"కంకరమీద ఒక్క మనిషి నిలబడగూడదు ఆదినారాయణా. నా సర్వీసుకు నాకు అదొక్కటే పింఛను" అనేవారు నాతో.

రెండు వానాకాలాలు గడిచేసరికి గడ్డి పచ్చటి దుప్పటి పరిచినట్టు కమ్ముకుంది. ఊరు ఎండి పెంకులాగా ఉంటే ఆ ముప్పై అడుగుల చదరం మాత్రం కళ్ళకు చలువ. యాభై తొమ్మిది ఉగాదికి నేను గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, "సామీ, మఖమల్ గుడ్డ పరిచినట్టుండాదే! మదరాసులో కూడా ఇట్లాంటిది ల్యా" అన్నాను. నేను మదరాసు వెళ్ళలేదు, కానీ లేదని నాకు తెలుసు.

పది రోజులకు గేటు పక్కన విస్తరాకంత మేర గడ్డి పసుపెక్కి పండబారింది.

"ఇదేందప్పా!" అని ఆయన నన్ను పిలిచారు. పిలవాల్సిన మనిషినే పిలిచారు. నేను వంగి, ఒక పోచ పీకి, నమిలి, "వేరుపురుగు సామీ. శనక్కాయలో నేను చూడనిదా!" అన్నాను. పార తెచ్చి ఆ మచ్చనూ, దాని చుట్టూ ఇంకో రెండు మూరల మేరనూ తిరగేశాను. పురుగు లేదు. ఉన్న పచ్చగడ్డి మాత్రం పోయింది.

రెండో మచ్చ వచ్చింది. అది కుక్క పని అన్నాను. మా వీధిలో బొల్లి కుక్క ఒకటి ఉండేది. రెండు వారాలు నేను దాని వెనకాలే తిరిగాను. అది ఎక్కడ కాలెత్తుతుందో నాకు తెలిసినంత బాగా దానికి కూడా తెలియదు. పాపం, అది ఒక్కసారి కూడా లాన్ జోలికి పోలేదు. చివరికి నేను వెంటపడటం భరించలేక అది వీధే మారిపోయింది. మచ్చలు మాత్రం నాలుగయ్యాయి.

మూడోసారి బ్లాకు ఆఫీసు నుంచి అమ్మోనియం సల్ఫేటు తెచ్చాను. అప్పట్లో అది కొత్త మందు, పంచదార లాగా తెల్లగా ఉండేది. "ఇది చల్లితే కర్ర కూడా చిగురేస్తాది సామీ" అని దోసిళ్ళతో చల్లాను. నీళ్ళు ఎక్కువ పెట్టాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. వారానికి నా దోసిలి పడిన చోటల్లా గడ్డి నల్లగా మాడింది. వేళ్ళ సందులతో సహా అచ్చు పడింది.

పద్మనాభయ్య గారు ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు గేటు దగ్గరికి వచ్చి, "ఆదినారాయణా, నువ్వు నాకు మేలు చేయాలని ఉంటే ఒక పని చెయ్. దూరంగా కూర్చో" అన్నారు.

ఇంట్లో ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ గారు మాట తక్కువ మనిషి. మొదటి మచ్చ వచ్చిన నాడే వాకిట్లో నిలబడి, "దిష్టి తగిలిందండీ" అని ఒక్క మాట అన్నారు.

"సర్కారు ఉద్యోగి ఇంట్లో ఆ మాట వినపడగూడదు! ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి. గడ్డికి దిష్టేంది?" అని ఆయన కేకలేశారు. ఆమె ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. లోపలికి పోయి చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చున్నారు.

దారి తోచని గుమాస్తా ఏం చేస్తాడు? ఫైలు తెరుస్తాడు. పద్మనాభయ్య గారు లాన్ మీద ఒక ఫైలు తెరిచి, నంబరు వేసి, ఎర్ర నాడా కట్టారు. అందులో లాన్ పటం గీసి, మచ్చలకు వరుస నంబర్లు ఇచ్చారు. ఏ తేదీన కనిపించింది, ఎన్ని అంగుళాలు, ఆ వారం ఎండ ఎట్లా ఉంది, నీళ్ళు ఎన్ని బిందెలు, ఇంటికి ఎవరు వచ్చారు, అన్నీ గళ్ళు కొట్టి రాశారు. జూన్ నెలాఖరుకు ఆ ఫైలు చదువుతూ ఆయన ముఖం పాలిపోయింది. నన్ను పిలిచారు. దూరంగా కూర్చోమన్న మాట మరిచిపోయినట్టున్నారు.

"చదువు" అన్నారు.

చదివాను. ఒకటో మచ్చ, గేటు పక్కన. పది రోజుల ముందు ఎదురింటి ఆదినారాయణ అక్కడ నిలబడి మెచ్చుకున్నాడు. రెండో మచ్చ, బావి వైపు. సబ్ రిజిస్ట్రారు గారు అక్కడ నిలబడి 'భేష్' అన్నారు. మూడోది, మెట్ల దగ్గర. ఆయన వియ్యపురాలు నాగరత్నమ్మ గారు అక్కడ కూర్చుని గడ్డి నిమిరి, ఎంత మెత్తగా ఉందో అన్నారు. పదకొండు మచ్చలు. పదకొండు చోట్లా ఎవరో ఒకరు నిలబడి మెచ్చుకున్నవాళ్ళే.

"దీనికేమంటావు?" అన్నారు ఆయన.

నేను ఫైలు మూసి నాడా కట్టేశాను. "అమ్మగారు చెప్పింది నిజమేనేమో సామీ."

"నోర్ముయ్" అన్నారు. కానీ ఆ కేకలో మునుపటి బలం లేదు.

మర్నాటినుంచి లాన్ చుట్టూ తడికలు లేచాయి. గేటుకు లోపల గడియ. చుట్టాలు వస్తే వాకిట్లోనే మజ్జిగ ఇచ్చి పంపేయడం. అందరూ చూడాలని పెంచిన గడ్డి, ఎవరూ చూడకుండా దాచుకోవాల్సి వచ్చింది. ఆయన తడిక సందులోంచి తన లాన్ తనే దొంగచూపులు చూసుకునేవారు. పార్టీకి రెండు నెలలే మిగిలాయి. తేదీ మార్చడానికి అది పెళ్ళి కాదు. కచేరీలో ప్రతివాడూ "సార్, లాన్ ఎట్లుండాది?" అని అడిగేవాడు. ఆయనకు ఆ మాట ఒంటిమీద గీరినట్టుండేది.

ఒకరోజు జట్కా జియావుల్లా తడిక పక్కన బండి ఆపాడు. జట్కా మీద నిలబడితే వాడికి లోపలంతా కనిపిస్తుంది.

"సామీ! మా గుర్రం మీ గడ్డి వాసన తగిలి ముందుకు కదల్నంటాంది. ఏం గడ్డి పెంచినారు సామీ..."

"జియావుల్లా!" పద్మనాభయ్య గారు లోపలినుంచి పరిగెత్తుకొచ్చారు. "మాట ఆపు! పొగడొద్దు! తిట్టు కావాలంటే!"

"నేను మిమ్మల్ని ఎందుకు తిడతా సామీ?"

"అయితే పో! గుర్రాన్ని కూడా తీసుకుని పో!"

జియావుల్లా నా వంక చూసి, వేలితో కణత చూపించుకుని, బండి తోలుకుని పోయాడు. వారం తిరగకముందే, సరిగ్గా జట్కా ఆగిన చోట, తడికకు లోపలి పక్క, పన్నెండో మచ్చ.

అప్పుడు ఆయన మెట్టుమీద కూలబడి, "ఇరవై రెండేళ్ళు దాని పక్కన నిలబడినా. ఇప్పుడు అది నా పక్కన నిలబడనంటాంది" అన్నారు. నాకు నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడమంటే మాటలు కాదు.

మా మేనమామగారి ఊరు పులివెందుల. అక్కడ వ్యవసాయశాఖ డిమాన్‌స్ట్రేటరు విశ్వేశ్వరయ్య గారని ఒకాయన ఉన్నారు, మన్ను చూసి జాతకం చెబుతారని పేరు. నేను పద్మనాభయ్య గారితో చెప్పకుండా డాల్డా డబ్బాలో పండబారిన గడ్డి పెళ్ళ ఒకటి, రెండు పొట్లాల్లో మన్ను తీసుకుని బస్సెక్కాను. ఒక పొట్లం పచ్చగా ఉన్న చోటిది, ఒకటి మచ్చది. ఆ ఆలోచన నాదే. రెండు రకాల మన్ను పట్టుకురమ్మని విశ్వేశ్వరయ్య గారే మునుపు ఉత్తరంలో రాశారని ఎవరైనా అంటే నమ్మకండి.

విశ్వేశ్వరయ్య గారు సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి ఉన్న మనిషి. గడ్డి వేళ్ళు భూతద్దంలో చూశారు. పురుగు లేదన్నారు. బూజు లేదన్నారు. పచ్చచోటి మన్ను చిటికెడు తడిపి నాలుకమీద పెట్టుకున్నారు, ఉమ్మేశారు. మచ్చది పెట్టుకున్నారు. ముఖం చిట్లించారు.

"ఏమప్పా, ఇది గడ్డి పెంచే మన్నా, మామిడికాయ ఊరేసిన మన్నా?"

"అంటే?"

"నువ్వే చూడు."

నాలుకమీద పెట్టుకున్నాను. ఉప్పు! మా అవ్వ పెట్టే ఊరుబిండి పచ్చడి కూడా అంత ఉప్పగా ఉండదు.

"బావి నీళ్ళు ఉప్పనా?" అని ఆయన అడిగారు.

"ల్యా సార్. కొబ్బరి నీళ్ళే."

"అన్నిటికీ ఆ నీళ్ళే పోస్తాండారు గదా? మరి పచ్చగా ఉండే చోట మన్ను చప్పగుండాది. పండబారిన చోటే ఉప్పు. అంటే ఉప్పు కిందినుంచి రాలేదు, బావిలోంచి రాలేదు. పైనుంచి పడతాంది. ఎవరో పోస్తాండారు."

"ఎవరు సార్?"

"అది మన్ను చెప్పదప్పా. అది నువ్వు కనుక్కో." ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మందు చెప్పారు. మచ్చ ఉన్నచోట జానెడు లోతు మన్ను తీసి దూరంగా పారేయాలి. మంచి మన్ను నింపాలి. నీళ్ళు నిలవకుండా పక్కకు కాలవ తీసి, మూడు రోజులు మంచినీళ్ళతో బాగా తడపాలి. ఆ ఉప్పు నీళ్ళతో కిందికి దిగి పోతుంది. తర్వాత మంచి గడ్డిలోంచి వేళ్ళు తెచ్చి నాటాలి. "ఎరువు మాత్రం ఎయ్యొద్దు. ఈ నల్లగా మాడిన పోచలు చూస్తే ఎవడో బుద్ధిలేనోడు సల్ఫేటు చల్లినట్టుండాడే?"

"ఎవడో సార్" అన్నాను.

తిరిగి వచ్చి చెబితే పద్మనాభయ్య గారు లేచి నిలబడ్డారు. వణికే భయం పోయి, వణికే కోపం వచ్చింది. శత్రువు ఉన్నాడు! కచేరీలో తనకు రావలసిన పేరు ఓర్వలేనివాడెవడో! ఆయన వేళ్ళమీద పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను ఉపాయం చెప్పాను. ఎవరైనా మెచ్చుకుంటేనే గదా మచ్చ వస్తుంది? కాబట్టి నేను మళ్ళీ మెచ్చుకుంటాను, మనం కాపు కాద్దాం.

మర్నాడు మధ్యాహ్నం లాన్ నడిమధ్యలో నిలబడి, వీధి చివరిదాకా వినపడేలా, "అబ్బబ్బ! ఏం గడ్డి సామీ! ఇంద్రుని తోటలో కూడా ఇంత పచ్చన ఉండదు!" అని అరిచాను. లోపల లక్ష్మీకాంతమ్మ గారు విసురుతున్న తిరగలి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రం పద్మనాభయ్య గారు రోజూలాగే పేపరు చదవడానికి రీడింగ్ రూముకు బయలుదేరినట్టు బయలుదేరి, సందు తిరిగి, మా ఇంటి దొడ్డివాకిలిగుండా లోపలికి వచ్చారు. ఇద్దరం మా కిటికీ దగ్గర కూర్చున్నాం. ఆ ఎత్తునుంచి తడికల మీదుగా లాన్ మొత్తం కనిపిస్తుంది. ఆయన గొడుగును కర్రలా పట్టుకుని ఉన్నారు.

దీపాలు పెట్టే వేళకు ఎదురింటి తలుపు తెరుచుకుంది. లక్ష్మీకాంతమ్మ గారు బయటికి వచ్చారు. ఒక చేతిలో ఇత్తడి చెంబు. రెండో చెయ్యి పిడికిలి. మధ్యాహ్నం నేను నిలబడిన చోటికే వచ్చి, గడ్డిమీద పిడికిలి మూడుసార్లు తిప్పారు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, జట్కావాడి దిష్టి, ఎదురింటి ఆదినారాయణ పాపిష్టి దిష్టి..."

పిడికిలి చెంబులో విప్పారు. రాళ్ళుప్పు. బాగా కలిపి, ఆ నీళ్ళు ఆ చోటే పోశారు. తర్వాత తడిక పక్కన పన్నెండో మచ్చ దగ్గరికి పోయి, కొంగులోంచి ఇంకో పిడికెడు ఉప్పు తీశారు. ఆ మచ్చకు తగ్గలేదు గదా పాపం, దానికి ఇంకో మోతాదు. ఆమె ఆ పని ఎన్ని నెలలుగా చేస్తున్నారో చూస్తూనే తెలిసిపోయింది. బియ్యం కడిగినంత తేలిగ్గా చేశారు.

పద్మనాభయ్య గారి చేతిలో గొడుగు కిందపడింది. వీధి దాటి పరిగెత్తారు. వెనకాలే నేను.

"ఏమేవ్! ఏం చేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడలేదు. చెంబు కింద పెట్టి, "దిష్టి తీస్తున్నానండీ" అన్నారు.

"గడ్డికా?"

"దేనికి తగిలితే దానికే కదా తీయాలి."

"ఉప్పునీళ్ళు పోస్తే గడ్డి చస్తాది! పన్నెండు మచ్చలూ నీ చేతివే! ఇది పదమూడోది! పండబారిందని ఉప్పు పోస్తావు, పోసినావని పండబారుతాది, పండబారిందని మళ్ళీ పోస్తావు! నువ్వా నాకు శత్రువువు?"

ఆ మాటకు ఆమె ముఖం తిప్పుకున్నారు. లోగొంతుకతో అన్నారు. "జమ్మలమడుగులో మీరు కంకరమీద నిలబడి నిలబడి ఇంటికొచ్చేవారు. కాళ్ళు వాచి చెప్పులు ఊడొచ్చేవి కావు. రోజూ రాత్రి బేసిన్లో వేడినీళ్ళలో ఉప్పు పోసి నేనే కాపడం పెట్టేదాన్ని. ఇరవై రెండేళ్ళు. ఆ ఉప్పుకే గదా మీ కాళ్ళు నిలబడ్డాయి? గడ్డి పండబారితే నాకు ఇంకేం తెలుసు?"

పద్మనాభయ్య గారు మెట్టుమీద కూర్చున్నారు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "ఇంక పొయ్యొద్దు" అన్నారు.

"పోయను" అన్నారు ఆమె. "కానీ ఒకటి. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం నా చెయ్యి ఊరుకోదు. ముందే చెబుతున్నా."

"పార్టీకి నలభై మంది వస్తారే!"

"నలభై మంది కళ్ళు!" అని ఆమె గుండెలమీద చెయ్యి వేసుకున్నారు. "నలభై పిడికిళ్ళు తీయాలి."

అంతటితో రోగం తెలిసింది. మందు కూడా తెలిసింది. కానీ రోజులు ఇరవై ఆరే. షరీఫ్ కబురు వినగానే వచ్చి, "ఆ గడ్డికి ఆ ఊరి మన్నే పడతాది సార్" అని జమ్మలమడుగు పోయి, పాత బంగళా పక్కనుంచి రెండు బండ్ల మన్ను తోలించుకొచ్చాడు. నేను జానెడు లోతు తవ్వాను. నీళ్ళయితే నేను ఒక్కణ్ణే వెయ్యి బిందెలు తోడాను. బావి మూడుసార్లు ఎండిపోయి, నన్ను చూసి భయపడి మళ్ళీ ఊరింది. శ్రావణంలో రెండు వానలు కూడా సాయం చేశాయి. ఆగస్టు నెలాఖరుకు పదకొండు మచ్చలు పూడాయి. రెండు మాత్రం పసుపుగానే మిగిలాయి. నా దోసిళ్ళ గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి ఎందుకు.

మందు సగమే పని చేసింది. మిగతా సగం జనం నోళ్ళలో ఉంది. పద్మనాభయ్య గారు రెండు రోజులు ఆలోచించి, ఆహ్వాన పత్రం అడుగున తన చక్కటి దస్తూరీతో ఒక వాక్యం చేర్చారు: "పచ్చికను ఎవ్వరూ మెచ్చుకొనరాదని సవినయ మనవి. నిందించుటకు అభ్యంతరము లేదు."

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన రాసిన కాగితాల్లో కచేరీ అంతా మనసుపెట్టి చదివింది అదొక్కటేనని నేను అనుకుంటాను. ఆ సాయంత్రం తడికలు తీసేశారు. కుర్చీలన్నీ గడ్డిమీద వేశారు. మొదట తాసీల్దారు గారు గేటు దాటి వచ్చి, నలుదిక్కులా చూసి, గొంతు సవరించుకుని, "పద్మనాభయ్యా, ఇంత దరిద్రపు లాన్ నేను నా సర్వీసులో చూడలేదు" అన్నారు.

"థాంక్స్ సార్" అన్నారు పద్మనాభయ్య గారు.

అంతే, ఇక అందరికీ ధైర్యం వచ్చింది.

"గాడిద కూడా మూతి పెట్టదు సార్ దీంట్లో!"

"దీనికన్నా మా ఇంటి పైకప్పుమీద బాగ పెరుగుతాది!"

"చీపురుకట్ట నయం!"

నేను వెనకాడతానా? "సామీ, ఇది గడ్డి అని ఎవరన్నా బోర్డు పెట్టకపోతే తెలిసేదే గాదు" అన్నాను. జియావుల్లా జట్కా ఆపి వీధిలోంచే, "నా గుర్రం ఉమ్మేసింది సామీ!" అని అరిచాడు.

అందరూ పడీపడీ నవ్వుతున్నారు. పద్మనాభయ్య గారు కూడా నవ్వుతూ అందరికీ చేతులు జోడిస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఒక్కో తిట్టుకూ ఆయన భుజాలు కొంచెం కొంచెం దిగిపోతున్నాయి. ఒక్క మనిషి నోటివెంట ఒక్క మంచి మాట వినాలనే గదా ఆయన ఈ గడ్డి పెంచింది? గడ్డి బతకాలంటే ఆ మాటొక్కటీ వినపడకూడదు. వాకిట్లో లక్ష్మీకాంతమ్మ గారు తలుపు పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతివాడి నోటివంకా చూస్తున్నారు. ఆమె ఎడమ పిడికిలి మూసే ఉంది.

టీలు అయిపోవస్తున్నాయి. అప్పుడు పద్మనాభయ్య గారు తల తిప్పి చూశారు. షరీఫ్ లోపలికి రాలేదు. బంట్రోతు డవాలీ పట్టీ, ఇత్తడి బిళ్ళతో గేటు పక్కన ఇటుకబాటమీద, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"షరీఫ్! రా! నీ కుర్చీ ఈడుండాది."

"పర్వాల్యా సార్. ఈడే బాగుండాది."

"రమ్మంటాండా గదా!"

షరీఫ్ ఒక కాలు ఎత్తాడు. మళ్ళీ కింద పెట్టాడు. నవ్వాడు. పద్మనాభయ్య గారు లేచి పోయి, వాడి ముంజేయి పట్టుకున్నారు. చెప్పులు విడిచి ఇద్దరూ గడ్డిమీద అడుగుపెట్టారు. నడిమధ్యదాకా వచ్చి, షరీఫ్ కుర్చీ మాట మరిచి గడ్డిమీదే కూర్చున్నాడు. పద్మనాభయ్య గారు పక్కన కూర్చున్నారు, ఇస్త్రీ పంచె నలుగుతుందని కూడా చూసుకోలేదు.

షరీఫ్ అరచేత్తో గడ్డి నిమిరాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. "ఇది ఆ గడ్డే గదా సార్" అన్నాడు.

"ఆ గడ్డే."

షరీఫుకు ఆహ్వానంలోని వాక్యం గుర్తొచ్చినట్టుంది. వాకిట్లో ఉన్న లక్ష్మీకాంతమ్మ గారి వంక చూశాడు. చెయ్యి మాత్రం గడ్డిమీదినుంచి తీయలేదు.

"ఏం బాగలేదు సార్" అన్నాడు. "శానా... శానా బాగలేదు."

పద్మనాభయ్య గారు తల ఊపారు. ఆ సాయంత్రం అంతమంది అన్న మాటల్లో ఆయన థాంక్స్ చెప్పనిది ఆ ఒక్కదానికే.

అందరూ వెళ్ళిపోయాక లక్ష్మీకాంతమ్మ గారు చెంబు తెచ్చారు. భర్తనూ షరీఫునూ పక్కపక్కన నిలబెట్టి, పిడికిలి మూడుసార్లు తిప్పి, ఉప్పు నీళ్ళలో కలిపారు. షరీఫ్ సిగ్గుపడుతూ బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. చెంబు పట్టుకుని ఆమె లాన్ వైపు ఒక అడుగు వేశారు, ఆగారు.

"ఎక్కడ పొయ్యమంటారు?" అని భర్తను అడిగారు.

"వీధి మోరీలో" అన్నారు పద్మనాభయ్య గారు.

పోసి వచ్చారు. నాకు తీయలేదు. నా దిష్టి తగిలేదే గానీ నాకు తగిలేది కాదని ఆమె నమ్మకం.